విండో వెనక కబురు

ఆర్యపల్లిలో మైలపల్లి గున్నయ్య ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా ఒక క్షణం ఆలోచించేవారు. పాణిపాగ గున్నయ్య అంటే మాత్రం వెంటనే చెయ్యి చూపించేవారు. ఒడియాలో పాణిపాగ అంటే వాతావరణం. ఆ ఊరి వాళ్ళు ఇళ్ళలో తెలుగూ బజారులో ఒడియా మాట్లాడతారు. గాలీ వానా సంగతి వచ్చేసరికి మాత్రం ఇంట్లోనూ పాణిపాగే అంటారు. పొద్దున ఏడింటికీ సాయంత్రం అయిదింటికీ ఆ కబురు మైకులో చదివే గొంతు గున్నయ్యది. ఆ గొంతు విన్నాకే మగవాళ్ళు వల భుజానికెత్తుకునేవారు, లేదా దించేసేవారు.

చేపల వేట మీద బతికే వాడబలిజల్లో పుట్టి సముద్రం మీదికి వెళ్ళని మగవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే. మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు పుల్లలా సన్నబడిపోయింది. తెప్ప మీద నిలబడలేనివాడికి కూర్చుని చేసుకునే పనైనా రావాలని తండ్రి లక్ష్ముడు బడిలో వేశాడు. బడికి ఇసుకలో నడిచి పోవాలి. ఇసుకలో కర్ర దిగబడిపోతుంది. పక్కింటి పైడన్న రెండేళ్ళు పెద్దవాడు, కండబలం ఉన్నవాడు. వాడే గున్నయ్యను వీపు మీద వేసుకుని తీసుకుపోయేవాడు. పైడన్న అయిదో తరగతితో చదువు చాలించి వేటకు పోయినా, గున్నయ్య పై బడికి వెళ్ళే రోజుల్లో తెల్లవారి ఒడ్డుకు రాగానే తడి బట్టలతోనే వచ్చి అతన్ని తారు రోడ్డు దాకా మోసి దింపి, అప్పుడు ఇంటికి పోయి నిద్రపోయేవాడు. ఇద్దరూ వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవారు.

గున్నయ్య ఛత్రపురంలో ప్లస్‌టూ దాకా చదివి, బరంపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషూ ఒడియా రెండూ నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళు కలెక్టరాఫీసు ఎదుట గొడుగు కింద మిషను పెట్టుకుని అర్జీలు కొట్టాడు. అమ్మడు అనే పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. తొంభై తొమ్మిది తుఫాను పోయిన కొన్నేళ్ళకు ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఒడ్డున ఉన్న ఊళ్ళల్లో కబురు గదులు కట్టించారు. గదికొక కంప్యూటరు, దానికొక మైకు. వాతావరణ కేంద్రం నుంచి వచ్చే సూచన ఆ కంప్యూటరుకు చేరుతుంది, అక్కడి మనిషి ఊరికి చదివి వినిపించాలి. మిగతా వేళల్లో జనం కాయితాల పనులు చేసిపెట్టాలి. ఆర్యపల్లిలో ఆ కుర్చీ గున్నయ్యకు దొరికింది. ఊరంతా సంతోషించింది. అందరికంటే ఎక్కువ పైడన్న సంతోషించాడు.

కంప్యూటరు ఎవరో వాడి ఇచ్చేసిన పాతది. తెర చిన్నది. బరంపురం రైల్వే కుటుంబం నుంచి వచ్చిన శ్యామసుందర్ అనే అబ్బాయి ఈ గదుల మిషన్లన్నీ చూసుకునేవాడు. అతనే వచ్చి, కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఏదో వేసి, రెండు వారాలుండి గున్నయ్యకు పని నేర్పాడు. ఒక్కొక్క పనికి తెర మీద ఒక్కొక్క చదరం తెరుచుకుంటుందనీ, దాన్ని విండో అంటారనీ, నాలుగైదు విండోలు ఒకేసారి తెరిచి పెట్టుకోవచ్చనీ చెప్పాడు. గున్నయ్య తల ఊపాడు గాని, అలవాటు మాత్రం టైపు మిషనుదే. మిషనులో ఒకసారి ఒక కాయితమే ఎక్కుతుంది. అందుచేత ఏ విండో తెరిచినా దాన్ని తెర నిండా, అంచులు కూడా కనపడకుండా పరిచేసుకుని, కాయితం మీద కొట్టినట్టు కొట్టేవాడు. పని అయ్యాక మూసి రెండోది తెరిచేవాడు. మూడేళ్ళు అలాగే సాగింది. ఏ ఇబ్బందీ రాలేదు. మధ్యలో ఏదైనా హెచ్చరిక వస్తే ఎర్ర అంచుతో చిన్న విండో తనంతట తానే ముందుకు వచ్చి నిలబడేది. అది అలా వచ్చినప్పుడల్లా తను చేతులు ఖాళీగా పెట్టుకుని ఉన్నాడన్న సంగతి గున్నయ్య గమనించలేదు. ఎవరైనా ఎందుకు గమనిస్తారు?

రెండు వేల ఎనిమిది సెప్టెంబరులో ఒక మంగళవారం. వేటగాళ్ళ గుర్తింపు కార్డులకు దరఖాస్తులు మర్నాటికల్లా ఛత్రపురం చేరాలి. అరవై, అన్నీ ఒకే విండోలో వరసగా కొట్టాలి. పొద్దున ఏడింటికి మైకులో కబురు చదివాడు. గాలి మామూలుగా ఉంటుందనే వచ్చింది. ఎనిమిదింటికి కూర్చున్నవాడు అన్నానికి కూడా లేవలేదు. ఒకరి తరవాత ఒకరు వచ్చి, పేరూ పడవ నంబరూ చెప్పి, వేలిముద్ర వేసి పోతున్నారు. మూడు కావస్తుంటే పైడన్న వచ్చాడు. సాయంత్రం వల వేసి తెల్లారి తిరిగొచ్చే వేట ఆ రోజుల్లో నడుస్తోంది. బోటు సిద్ధంగా ఉంది, తన బావమరిది జగ్గన్నా మరొకడూ ఒడ్డున ఎదురు చూస్తున్నారు. వేలిముద్ర వేసి, వేలు లుంగీకి తుడుచుకుంటూ అడిగాడు.

"బావా, కబురేటైనా ఉందేటి?"

గున్నయ్య తెర మీంచి కళ్ళు తిప్పలేదు. వేళ్ళు కూడా ఆపలేదు.

"ఏటీ నేదు. ఎల్లు."

పైడన్న వెళ్ళాడు.

అయిదింటికి పావుగంట ఉందనగా, కబురు చదివే వేళయిందని గున్నయ్య దరఖాస్తు విండో మూశాడు. దాని వెనక ఎర్ర అంచుతో చిన్న విండో ఉంది. గంజాం తీరం పొడుగునా సాయంత్రం నుంచి గంటకు అరవై కిలోమీటర్ల ఈదురుగాలులు, వేటకు వెళ్ళరాదు. ఇప్పుడే వచ్చిందనుకున్నాడు. మైకు మీద చెయ్యి వేశాక, కింద చిన్న అక్షరాల్లో వేళ కనపడింది. ఒంటి గంట ముప్పై అయిదు.

మైకులో ఏం చదివాడో, ఎన్నిసార్లు చదివాడో అతనికి తరవాత గుర్తు లేదు. ఊరంతా ఒడ్డుకు వచ్చింది. మూడు బోట్లు వెళ్ళి ఉన్నాయి. పొద్దు వాలుతుండగా గాలి లేచింది. రెండు బోట్లు ఎలాగో తిరిగొచ్చాయి. మూడోది మర్నాడు ఋషికుల్య నది మొగ దగ్గర బోర్లాపడి కనిపించింది. దాని అంచు పట్టుకుని వేలాడుతూ జగ్గన్నా, వాడితోటివాడూ బతికి దొరికారు. పైడన్న మూడో రోజున గోపాలపురం వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

కబురు రాలేదనే ఊరంతా అనుకుంది. పెద్దలు వాతావరణం వాళ్ళను తిట్టారు. జగ్గన్న ఒళ్ళంతా ఉప్పునీటికి పగిలిపోయి మంచం మీద పడి ఉండి కూడా, చూడటానికి వచ్చిన వాళ్ళతో ఒకటే మాట అన్నాడట: గున్నయ్య చెప్పలేదంటే కబురు రాలేదన్నమాటే, వచ్చి ఉంటే వాడు చెప్పకుండా ఉండే మనిషా అని. ఆ మాట నలుగురూ తెచ్చి గున్నయ్యకే చెప్పారు. పదో రోజున పైడన్న ఇంట్లో పంక్తిలో కూర్చున్నాడు. కాసమ్మ, పైడన్న పెళ్ళాం, అన్నా అని పిలిచి విస్తట్లో రెండోసారి అన్నం వేసింది. గున్నయ్య దాన్ని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. వదిలేస్తే ఎందుకని అడుగుతారేమోనని భయం.

వారం తరవాత శ్యామసుందర్ వచ్చాడు. హెచ్చరిక చేరిందా లేదా తేల్చుకు రమ్మని పైవాళ్ళు పంపారు. మిషనులో ఏది ఎప్పుడు వచ్చిందో రాసి ఉంటుంది. అతను ఒక నిమిషంలో చూసేశాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుని, ఏం జరిగిందని మెల్లగా అడిగాడు. గున్నయ్య జరిగింది చెప్పి, ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న అడిగాడు. ఎప్పుడూ ముందుకు వచ్చేది ఆవాళ వెనక్కి ఎందుకు పోయింది?

"తెర మీద ఏ విండో ఎక్కడుండాలి, ఏది పైన, ఏది కింద, మీరు కొట్టే అక్షరాలు దేనికి చేరాలి, ఇవన్నీ చూసుకునే ప్రోగ్రాం ఒకటి వేరే ఉంటుంది గున్నయ్య గారూ" అన్నాడు శ్యామసుందర్. "దాన్ని విండో మేనేజర్ అంటారు. మీరు టైపు చేస్తూ ఉండగా కొత్త విండో ముందుకొస్తే మీ అక్షరాలు వెళ్ళి దాన్లో పడతాయి. పని పాడవుతుంది. అందుకని, మనిషి టైపు చేస్తుండగా వచ్చే కొత్తదాన్ని వెనకే ఉంచెయ్యమని దానికి ముందే రాసిపెట్టారు."

కింద పట్టీలో ఒక గుర్తు మెరుస్తుందనీ, తెర నిండా పరుచుకోవడం వల్ల ఆ పట్టీ కూడా కనపడలేదనీ చెప్పాడు. అలా రాసిందెవరని గున్నయ్య అడిగాడు. ఎక్కడివాళ్ళో, ఎవరో, పని చేసుకునేవాడికి అడ్డం రాకూడదని మంచికే రాశారన్నాడు శ్యామసుందర్. తన తప్పు కూడా ఉంది, ఆ హెచ్చరిక ఒక్కటీ ఎప్పుడూ పైనే ఉండేలా తను ముందే దిద్ది ఉండాల్సింది అన్నాడు. పైవాళ్ళకు మిషను లోపం అని రాసేస్తానన్నాడు. గున్నయ్య వద్దనలేదు. తరవాత రోజుల్లో అతన్ని తినేసింది ఇదే. చూడకపోవడం ఒక ఎత్తు. చూసుకోలేదని తెలిశాక, తెలిసి వద్దనకపోవడం ఇంకో ఎత్తు.

ఆ మధ్యాహ్నమే శ్యామసుందర్ మరో మాట చెప్పాడు. విండో మేనేజర్లు చాలా రకాలున్నాయట. కొన్నిటిలో విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, ఇంట్లో గదుల్లా పక్కపక్కనే ఉంటాయి. కొత్తది వస్తే ఉన్నవి జరిగి చోటిస్తాయి. చూడటానికి అందంగా ఉండదు, ఇరుకు. మౌసుతో లాగడం కుదరదు, అన్నీ మీటలతోనే, అన్నీ ఒక ఫైలులో వరస వరసగా రాసుకోవాలి, ఎవరూ వాడరు అన్నాడు. గున్నయ్య తనకు అదే కావాలన్నాడు.

నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. శ్యామసుందర్ తెచ్చిచ్చిన ఇంగ్లీషు కాయితాల కట్ట ఒక పక్క, ఒడియా నిఘంటువు ఇంకో పక్క పెట్టుకుని, మాట మాటా విడదీసుకున్నాడు. ఒక కుండలీకరణం మూయడం మరిచిపోతే తెర నల్లగా అయిపోయి ఊరుకునేది. రెండుసార్లు బరంపురం ఫోను చేసి శ్యామసుందర్‌ని పిలిపించుకోవాల్సి వచ్చింది. యాభై రకాల అర్జీలు కొట్టిన మనిషికి అక్షరం తప్పు పోవడం చిన్నతనం అనిపించేది గాని పట్టు వదలలేదు. తెర స్వభావమే అంత అని అతను ఇన్నాళ్ళూ అనుకున్నవన్నీ, నిజానికి ఎవరో కూర్చుని వాక్యం వాక్యంగా రాసినవేనని ఆ కాయితాల్లోంచి తెలిసింది. అలా రాసినదాన్ని తనూ మార్చి రాయగలడు. చివరికి తెరను రెండు చేశాడు. ఎడమ వైపు మూడో వంతు పాణిపాగకు. దాన్లోకి ఇంకే విండో పోదు, దాన్ని ఏదీ కప్పదు. మిగిలిన చోట దరఖాస్తులు. హెచ్చరిక వస్తే గంట కూడా మోగుతుంది.

ఇది అయిపోతే గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఇప్పుడు చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కాసమ్మ ఒడ్డున నెత్తళ్ళు ఆరబోసి తిరగేస్తోంది. గున్నయ్య కర్ర ఊతంగా అక్కడిదాకా వచ్చి, ఇసుకలో కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఒంటి గంట ముప్పై అయిదు, మూడు, అయిదుకు పావుగంట, ఏదీ దాచలేదు. మిషను లోపమని రాయించుకున్నది కూడా చెప్పాడు. ఆమె వింటూనే చేపలు తిరగేసింది. అతను ఆపేశాక ఆమె కూడా ఆపేసింది.

"నాకు సూపించు" అంది.

గదికి వెళ్ళారు. గున్నయ్య ఆ ఒక్కసారికీ తెరను పాత పద్ధతిలోకి మార్చాడు. పరీక్ష కోసం పంపుకునే ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి ఉంది. దాన్ని రెండు నిమిషాల తరవాత వచ్చేలా పెట్టి, దరఖాస్తు విండో తెర నిండా పరిచి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. కాసమ్మకు చదువు రాదు. అతని భుజం వెనక నిలబడి తెరనే చూస్తోంది. రెండు నిమిషాలు దాటాయి. తెర మీద ఏ మార్పూ లేదు.

"ఏదీ?"

"ఒచ్చింది సెల్లీ. దీని ఎనక ఉంది."

"నాకు కనపడనేదు."

"నాకూ కనపడనేదు."

దరఖాస్తు మూశాడు. ఎర్ర అంచు కనిపించింది. ఆమె దగ్గరికి వంగి, వేలితో తెర ముట్టుకుంది.

"ఆయన ఈడ నిలబడి అడిగినప్పుడు ఇది ఉందా?"

"ఉంది."

"నువ్వు ఓపాలి మూసి సూస్తే కనపడేది."

"కనపడేది."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బయటికి వెళ్ళి, చేపల దగ్గరికి పోయింది. ఆ రోజు నుంచి నాలుగేళ్ళ పైన అతనితో మాట్లాడలేదు.

ఆదివారం నాడు గున్నయ్యే పెద్దల ముందు లేచి నిలబడి చెప్పాడు. శ్యామసుందర్‌కి కూడా ఫోను చేసి, కాయితం దిద్ది రాయమన్నాడు. సభలో ఒకరు మైకు అతని చేతిలోంచి తీసెయ్యాలన్నారు, ఇంకొకరు తీసేస్తే ఎవరు చదువుతారన్నారు. జగ్గన్నను అడిగితే తల అడ్డంగా ఊపి లేచి వెళ్ళిపోయాడు. అది అవునో కాదో ఎవరికీ తెలియలేదు. చివరికి, వేట ఉన్న రోజుల్లో ఊళ్ళోంచి ఇద్దరు వంతులేసుకుని ఆ తెర ముందు కూర్చోవాలనీ, గున్నయ్య వాళ్ళకు చూడటం నేర్పాలనీ తీర్మానించారు. అలా జగ్గన్న కూడా వంతుకు వచ్చి కూర్చున్నాడు. ఎడమ వైపే చూసేవాడు, గున్నయ్య వైపు చూసేవాడు కాదు. సభ మర్నాడు ఇంట్లో పెళ్ళాం అమ్మడు మాత్రం, అయిదు నెలల్లో నువ్వు నిద్రపోవడం ఇదే మొదలు అంది.

రెండు వేల పదమూడు అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చింది. నాలుగు రోజుల ముందు నుంచీ తెర ఎడమ పక్క ఎర్రగానే ఉంది. గున్నయ్య గంట గంటకూ మైకులో చదివాడు, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. చివరి రోజు పొద్దున పోలీసులూ లారీలూ వచ్చాయి. ఊరు ఖాళీ అయింది. గున్నయ్య ఆఖరి కబురు చదివి, కంప్యూటరు పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. లేవబోతే గాలికి కర్ర నిలవడం లేదు. ఆఖరి లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. లారీలో ఉన్న కాసమ్మ కిందికి దిగి, ఎదురుగా రోడ్డు మధ్యన నిలబడి, గున్నన్న ఎక్కనిదే బండి కదలదని ఒడియాలో గట్టిగా చెప్పింది. జగ్గన్న దిగి వచ్చి అతన్ని ఎత్తి లారీలో వేశాడు. ఆ సాయంత్రం ఊళ్ళో ఇళ్ళ కప్పులు, కబురు గది కప్పుతో సహా, ఎగిరిపోయాయి. మనిషి మాత్రం ఒక్కడు కూడా పోలేదు.

మరుసటి ఏడాది సంస్థ వాళ్ళు గున్నయ్య పెట్టిన పద్ధతే మిగతా గదుల్లోనూ పెట్టించాలనుకున్నారు. మొదట చిలికా ఒడ్డున రంభ. ఎవరో కుర్రాణ్ణి పంపుతామంటే గున్నయ్య తనే వెళ్తానన్నాడు. పెట్టేముందు అక్కడి మనిషికి ఎందుకు పెడుతున్నామో చెప్పాలి, ఆ మాట తన నోటనే చెప్పాలి అన్నాడు. ఆ సంగతి ఊళ్ళో తెలిసింది. బయల్దేరే రోజున బస్సు దగ్గర కాసమ్మ సంచితో నిలబడి ఉంది. ఎక్కడికని అడిగితే రంభకే అంది.

"నువ్వు సెప్తే అది నీ తప్పు కత అవతాది" అంది. "నాను సెప్తే ఆయన కత అవతాది. నాను సెప్తాను."

రంభలో ఆ గది చూసుకునేది రమాదేవి. ముప్పై అయిదేళ్ళ మనిషి, పనిలో చురుకు. గున్నయ్య తెరను రెండు చేసి చూపించగానే ఆమె మొహం చిట్లించింది. దరఖాస్తుకు చోటు చాలడం లేదు, అస్తమానం పక్కకు జరుపుకోవాలి, పని ఆలస్యం అవుతుంది అంది. అవుతుంది, కానివ్వండి అన్నాడు గున్నయ్య. ఎందుకని అడిగింది. అతను కాసమ్మ వైపు చూసి, గంట తీగ కలపడానికి బల్ల కిందికి దూరాడు.

కాసమ్మ నేల మీద కూర్చుని మొదలుపెట్టింది. హెచ్చరిక సంగతి నాలుగు మాటల్లో చెప్పేసింది. ఇక ఆపేస్తుందనుకున్నాడు గున్నయ్య. ఆమె ఆపలేదు. పైడన్నకు ఎండుచేప వాసన పడేది కాదట. పుట్టి బుద్ధెరిగి సముద్రం మీద బతికిన మనిషి, ఇంట్లో పప్పు వండితేనే తినేవాడట. బరంపురం సినిమాకు తీసుకుపోయి, దీపాలు ఆర్పగానే గురక పెట్టేవాడట. తిరుగు బస్సులో కథంతా ఆమె చేత చెప్పించుకుని, మర్నాడు బోటులో వాళ్ళకి తనే చూసినట్టు చెప్పేవాడట, పాటలతో సహా.

బల్ల కింద గున్నయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ కథలన్నీ పైడన్న తనకూ చెప్పాడు. ఒక్కొక్కటీ గంటసేపు. మనిషి కళ్ళారా చూసి వచ్చాడనే నమ్మాడు.

రమాదేవి నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది, ఇంకా ఏం చేసేవాడని అడిగింది. కాసమ్మ కాళ్ళు చాపుకుని ఇంకా చెప్పింది. నాలుగింటి బస్సు తప్పిపోయింది. తీగ కలపడం అయిపోయినా గున్నయ్య బల్ల కిందే కూర్చుని, అయిదున్నర బస్సు దాకా విన్నాడు.